మూడు గోల్సూ ఒకే ఖాళీలోంచి వచ్చాయి

వార్షికోత్సవ సంచికకి ఏదైనా రాసివ్వమని తమ్ముళ్ళు ఫోన్ చేసినప్పుడు తప్పించుకుందామనే చూశాను. నేను రచయితను కాను, ఆర్టీసీలో కండక్టర్ని. టిక్కెట్టు మీద తప్ప ఇంకెక్కడా పెద్దగా రాసింది లేదు. ఇప్పుడు ఆ టిక్కెట్టు కూడా మిషనే కొడుతోంది. పైగా మన సంచికలో ఏటా వచ్చే "క్రమశిక్షణ", "కాలం విలువ", "నా హాస్టల్ జ్ఞాపకాలు" నాకంటే బాగా రాసేవాళ్ళు ఉన్నారు. కాబట్టి వాళ్ళు ముట్టుకోని సంగతి రాస్తాను. మొన్న కార్తీకమాసంలో మనం ఓడిపోయిన ఫుట్‌బాల్ మ్యాచ్ గురించి.

దూరాన ఉన్న పూర్వ విద్యార్థుల కోసం ముందు సంగతి చెప్పాలి. ఎవరితో ఓడిపోయామో పేరు రాయక్కర్లేదు. కాలవ అవతలి హాస్టలు అంటే చాలు, ఇరవయ్యేళ్ళ కిందట చదివినవాళ్ళకి కూడా ఒళ్ళు మండుతుంది. మా రోజుల్లో ఈ పోటీ కబడ్డీలో మొదలైంది, తర్వాత వాలీబాల్‌కి పాకింది, ఇప్పుడు ఫుట్‌బాల్‌కి వచ్చింది. పందెం మాత్రం మారలేదు. ఓడినవాళ్ళు గెలిచినవాళ్ళందరికీ ఐసులు కొనిపెట్టాలి, పైగా వాళ్ళు తింటుంటే పక్కన నిలబడాలి. ఆ నిలబడడం ఉందే, అది మూడు రోజుల వరకూ అన్నం దిగనివ్వదు.

మొదటి గోల్ మనదే. ఎనిమిదో నిమిషంలో వేశాం. రాయవరం అంతా వినపడేలా అరిచాం. చివరికి 3-1తో ఓడాం.

ఆ రోజు నాకు వీక్లీ ఆఫ్. మన ఎడమ చేతివైపు గీత పక్కన నిలబడి చూశాను. కండక్టరు బుద్ధి ఎక్కడికి పోతుంది, ఎవరు ఎక్కారో ఎవరు దిగారో లెక్క రాసుకోకపోతే చేతులు ఊరుకోవు. జేబులో ఉన్న కాగితం వెనక ప్రతి గోల్‌కీ ఒక చిన్న బొమ్మ గీసుకున్నాను. బంతి ఎక్కణ్ణుంచి వచ్చింది, అప్పుడు మనవాళ్ళు ఎవరెక్కడ ఉన్నారు. ఇంటికెళ్ళి ఆ మూడు బొమ్మలూ పక్కపక్కన పెట్టి చూస్తే ఒకే బొమ్మ మూడుసార్లు గీసినట్టుంది.

మొదటిది: మన గోల్ పడ్డ ఆనందంలో ఎడమవైపు బ్యాకు ఆడాల్సిన అబ్బాయి ముందుకు వెళ్ళిపోయాడు, తిరిగి రాలేదు. వాళ్ళ గోలీ పొడుగ్గా కొట్టిన బంతి సరిగ్గా ఆ ఖాళీలో పడింది. వాళ్ళ కుడివైపు పొట్టి కుర్రాడు ఒక్కడే బంతి తీసుకుని వచ్చేశాడు. మన గోలీ ముందుకు రాక తప్పలేదు, అతను పక్కవాడికి ఇచ్చాడు, అయిపోయింది. బంతికీ గోల్‌కీ మధ్య మనవాళ్ళు ఇద్దరే ఉన్నారు.

రెండోది: ఇంటర్వెల్‌కి ముందు. అదే ఖాళీ. ఈసారి ఆ ఖాళీ పూడ్చడానికి నడిమి బ్యాకు పరిగెత్తాడు, దాంతో నడుమ ఖాళీ అయింది. మధ్యలో ఉన్నది గోలీ కాక ఒక్కడు. మూడోది ఆఖరి పది నిమిషాల్లో. అప్పటికి మనవాళ్ళందరూ అవతలి సగంలోనే ఉన్నారు. గోలీ కాక వెనక ఎవరూ లేరు. ఇద్దరు వచ్చారు, ఒక్కడు ఆపాలి. దేవుడు కూడా ఆపలేడు.

ఇంటర్వెల్‌లో మనం ఏం చెప్పాం? ఇది నిజాయితీగా రాయాలి. "గట్టిగా ఆడండిరా", "పరువు తియ్యకండిరా", "గుండె పెట్టి ఆడండిరా" అన్నాం. ఎడమవైపు ఎవరుంటారు అని ఒక్కరం అడగలేదు. చివర్లో "అందరూ పైకెళ్ళండి, పైకెళ్ళండి" అని గొంతు చించుకున్నవాళ్ళలో నేనూ ఉన్నాను. కాబట్టి ఆ మూడో గోల్‌లో నా వాటా కూడా ఉంది.

మ్యాచ్ అయ్యాక మాత్రం తప్పు ఎవరిదో తేల్చడానికి అయిదు నిమిషాలు పట్టలేదు. గోలీది. తొమ్మిదో తరగతి కుర్రాడు. "చేతులున్నాయా గరిటెలున్నాయా" అని ఒకరు, "కాలవ అవతలివాళ్ళు ఎంతిచ్చార్రా" అని ఇంకొకరు. ఆ రాత్రి కోడికూర పెట్టే రోజు. అతను పళ్ళెం పట్టుకుని లైన్లోకి రాలేదని కమాటి చెప్పింది. గ్లౌజులు ఆటసామాను పెట్టెలో పడేశాడు. తర్వాత నేను కనిపిస్తే "ఇంక ఆడనన్నా" అన్నాడు. పరీక్షలయ్యాక ఇంటికెళ్ళిపోతానని, పదో తరగతి ఊళ్ళోనే చదువుతానని కూడా అన్నాడట.

ఇది నాకు కొత్త మాట కాదు. మా బ్యాచ్‌లో కూడా ఒక గోలీ ఉండేవాడు. నేను అప్పుడు ఫార్వర్డుని, అంటే బంతి దొరికితే ఎవరికీ ఇవ్వనివాణ్ణి. ఓడిన రోజు అందరికంటే ముందు అతన్ని తిట్టింది నేనే. సెలవులకి వెళ్ళినవాడు ట్రంకు పెట్టె తీసుకుపోవడానికి మళ్ళీ వచ్చాడంతే. ఫుట్‌బాల్ వల్లే మానేశాడని అనను, వాళ్ళింట్లో పని చేసే చెయ్యి కావలసి వచ్చింది. అయితే వెళ్ళాలా ఉండాలా అని తూచుకునేటప్పుడు మా మాటలు ఏ పళ్ళెంలో పడ్డాయో నాకు తెలుసు.

ఇంకో మాట కూడా నన్ను ఈ వ్యాసం దాకా తెచ్చింది. మర్నాడు సెంటర్లో టీ తాగుతుంటే ఒక పెద్దాయన, ఆట చూసినాయనే, అన్నాడు కదా: "హాస్టలు కుర్రాళ్ళండీ, పరిగెత్తమంటే పొద్దుగూకేదాకా పరిగెడతారు. ఆటంటే బుర్ర కావాలి కదండీ." ఆయన తిట్టాననుకోలేదు, మెచ్చుకున్నాననే అనుకున్నాడు. టీ గ్లాసు పెట్టేసి వచ్చేశాను. దారిలో ఆలోచిస్తే కోపం ఆయన మీద సగమే మిగిలింది. ఎందుకంటే ఆ మాటలో మొదటి సగం మనమే రోజూ గర్వంగా చెప్పుకుంటాం. "మనోళ్ళకి స్టామినా ఉందిరా." "మనకి ఒంటి బలం." గెలిస్తే బలం, ఓడితే గుండె పెట్టలేదు. మధ్యలో బుర్ర అనే మాట మన నోట రాదు. మనం ఖాళీగా వదిలిన చోట ఆయన తన మాట పెట్టాడు, వాళ్ళు గోల్ పెట్టినట్టే.

మిత్రులారా, బుర్రతో ఫుట్‌బాల్ ఆడించడం గురించి నేర్చుకోవాలంటే బ్రెజిల్ దాకా పోనక్కర్లేదు. హైదరాబాదులో సయ్యద్ అబ్దుల్ రహీం అని ఒక బడిపంతులు ఉండేవారు. ఉస్మానియాలో చదువుకుని పిల్లలకి పాఠాలు చెప్పినాయన. హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టుని తయారుచేస్తే అది 1950 నుంచి 1954 దాకా వరసగా అయిదుసార్లు బొంబాయి రోవర్స్ కప్పు గెలిచింది. తర్వాత దేశం జట్టుకి కోచ్ అయ్యారు. ఈయన మీద 2024లో "మైదాన్" అని హిందీ సినిమా వచ్చింది. చూసినవాళ్ళు కళ్ళనీళ్ళు పెట్టుకున్నామన్నారు. నేను చెప్పేది కన్నీళ్ళ సంగతి కాదు, లెక్క సంగతి.

ముందు ఆయన ఓడిపోయిన లెక్క చూడండి. 1952 హెల్సింకి ఒలింపిక్స్‌లో యుగోస్లావియా మీద మన దేశం 10-1తో ఓడింది. మనవాళ్ళలో చాలామందికి కాళ్ళకి బూట్లు లేవు. నాలుగేళ్ళ తర్వాత 1956లో మెల్‌బోర్న్‌లో మళ్ళీ అదే యుగోస్లావియా, ఈసారి సెమీఫైనల్. అంతకుముందు మ్యాచ్‌లో మనం ఆస్ట్రేలియాని 4-2తో కొట్టి వచ్చాం, అందులో నెవిల్ డిసౌజా ఒక్కడే మూడు గోల్స్ వేశాడు. ఆ సెమీఫైనల్‌లో కూడా మొదటి గోల్ మనదే. తర్వాత 4-1తో ఓడాం. ముందు గోల్ వేసి ఓడిపోవడం మన హాస్టలు కనిపెట్టిందేమీ కాదు. కానీ పది గోల్స్ తిన్న జట్టు నాలుగేళ్ళలో అదే జట్టు మీద ముందు గోల్ వేసే దాకా ఎలా వచ్చింది? కాళ్ళ బలం 1952లోనూ ఉంది. మారింది ఎవరు ఎక్కడ నిలబడాలన్న ఆలోచన. అప్పట్లో యూరప్‌లో హంగేరీవాళ్ళు నడిమి ఫార్వర్డుని కొంచెం వెనక్కి లాగి ఆడించేవారు, ఆ ఎత్తుతోనే 1953లో ఇంగ్లండుని వాళ్ళ సొంత వెంబ్లీ మైదానంలో 6-3తో కొట్టారు. ఇలాంటి సంగతులు పట్టుకుని మన కుర్రాళ్ళకి సరిపోయేలా మార్చుకున్నాడు ఆ పంతులు.

ఇక 1962 జకార్తా ఆసియా క్రీడలు. మొదటి మ్యాచ్‌లోనే దక్షిణ కొరియా మీద 2-0తో ఓడాం. అక్కడితో "గుండె పెట్టలేదు" అని ఊరుకుని ఉంటే కథ అయిపోయేది. తర్వాత థాయిలాండుని 4-1తో, జపాన్ని 2-0తో గెలిచాం. థాయిలాండు మ్యాచ్‌లో జర్నైల్ సింగ్‌కి తల పగిలి కుట్లు పడ్డాయి. ఆయన దేశంలోకెల్లా పేరున్న బ్యాకు. సెమీఫైనల్‌కి రహీం ఆయన్ని తీసుకొచ్చి ఎక్కడ పెట్టాడు? ముందు, ఫార్వర్డుగా. కాలేజీ రోజుల్లో ఆ స్థానంలో ఆడిన అలవాటు ఆయనకుంది, అది కోచ్‌కి గుర్తుంది. దక్షిణ వియత్నాం మీద 3-2తో గెలిచిన ఆ సెమీస్‌లో జర్నైల్ ఒక గోల్ వేశాడు. సెప్టెంబరు 4న ఫైనల్, మళ్ళీ దక్షిణ కొరియా. మైదానంలో లక్షమంది దాకా జనం, వాళ్ళలో ఎక్కువమంది ఆ రోజు భారతదేశం ఓడాలని అరిచినవాళ్ళే. 17వ నిమిషంలో పి.కె. బెనర్జీ గోల్, మూడు నిమిషాలకి జర్నైల్ గోల్. కొరియా ఆఖర్లో ఒకటి వేసింది. 2-1. మన సికింద్రాబాదు తులసీదాస్ బలరాం, హైదరాబాదు యూసుఫ్ ఖాన్ ఆ పదకొండుమందిలో ఉన్నారు. రహీం గారు అప్పటికే క్యాన్సర్‌తో ఉన్నారు, మరుసటి ఏడాది జూన్‌లో పోయారు.

మొదటి మ్యాచ్‌లో ఓడించినవాళ్ళే ఫైనల్లో ఓడిపోయారు. మధ్యలో పది రోజులు కూడా లేవు. పది రోజుల్లో ఎవరికీ కొత్తగా బలం రాదు.

ఇక్కడ నా వాదనకి అడ్డం వచ్చే సంగతి ఒకటుంది, దాచను. ఫైనల్‌కి రహీం గోలీని కూడా మార్చాడు. ప్రద్యుత్ బర్మన్ స్థానంలో పీటర్ తంగరాజ్ వచ్చాడు. "చూశావా, వాళ్ళూ గోలీనే మార్చారు" అనొచ్చు మీరు. కానీ తంగరాజ్ జ్వరంతో పడుంటేనే బర్మన్ ఆడుతున్నాడు. పైగా గోలీని మార్చి చేతులు దులుపుకోలేదు కదా, పేరున్న బ్యాకుని తీసుకెళ్ళి ముందు పెట్టాడు. మనం అయితే గోలీని తిట్టి, మిగతా పదిమందినీ ఉన్నచోటే ఉంచుతాం.

అసలు సంగతికి వస్తాను, కొందరికి కోపం వస్తుందని తెలిసే రాస్తున్నాను. మన హాస్టల్లో ఎవరు ఎక్కడ ఆడాలో తేల్చేది ఆట కాదు, తరగతి. పదో తరగతి వాళ్ళు ఫార్వర్డులు. తొమ్మిది వాళ్ళు మధ్యలో. ఎనిమిదో తరగతి పిల్లలు బ్యాకులు. మాట పడడానికి ఎవరు దొరికితే వాడు గోలీ. పంపు దగ్గర బకెట్లు ఏ వరసలో ఉంటాయో, కూర గిన్నె దగ్గర పళ్ళాలు ఏ వరసలో ఉంటాయో మైదానంలోనూ అదే వరస. మా కాలంలోనూ ఇంతే, మేమే నేర్పిపోయాం. మొన్న ఎడమవైపు బ్యాకుగా పెట్టింది పదో తరగతి కుర్రాణ్ణే. పెట్టడం మంచి ఆలోచనే, అతను గట్టివాడు. కానీ అక్కడ నిలబడడం అతనికి చిన్నతనం అనిపించింది. మనమే కదా అది చిన్న పని అని నేర్పింది. సందు దొరకగానే ముందుకు పోయాడు. అతన్ని కూడా నేను తప్పు పట్టను. ముందుకి వెళ్ళినవాడికి చప్పట్లు, వెనక ఉన్నవాడికి తిట్లు ఉన్నచోట ఎవడు వెనక నిలబడతాడు?

మన కోనసీమ కుర్రాడి సంగతే చూడండి. అమలాపురం సాత్విక్‌సాయిరాజ్ బ్యాడ్మింటన్ డబుల్స్‌లో ప్రపంచానికి తెలిసినవాడు. అతన్నీ చిరాగ్ శెట్టినీ జతకలిపినప్పుడు ఇద్దరూ వెనకనుంచి స్మాష్ కొట్టే రకమే. ఇద్దరికీ అదే ఇష్టం. ఇద్దరూ వెనకే ఉంటే నెట్ దగ్గర ఎవరుంటారు? మలేసియా కోచ్ టాన్ కిమ్ హర్ పట్టుబట్టి ఆ ఇద్దరినీ ఒక జట్టు చేశాడు, చిరాగ్ ముందు ఆడడం నేర్చుకున్నాడు. 2022లో మన దేశం మొదటిసారి థామస్ కప్పు గెలిచినప్పుడు ఫైనల్లో ఇండోనేసియా మీద ఆ జంట గెలిచిన మ్యాచ్ చాలామంది ఫోన్లో చూసే ఉంటారు. నెట్ దగ్గర ఉన్నవాణ్ణి ఎవరూ తక్కువ చూడలేదు.

ఇంక అందరూ పైకెళ్ళడం గురించి. గోల్ పడగానే ఇంకా ఎక్కువమందిని ముందుకు తోస్తే ఏమవుతుందో బ్రెజిల్‌కి కూడా ఒకసారి తెలిసొచ్చింది. 2014 జులై 8న సొంత దేశంలో ప్రపంచ కప్పు సెమీఫైనల్, ఎదురు జర్మనీ. 11వ నిమిషంలో ఒక గోల్ పడింది. సరే. తర్వాత 23, 24, 26, 29 నిమిషాల్లో నాలుగు పడ్డాయి. ఆఖరికి 7-1. వాళ్ళ మధ్యభాగం తలుపులు తీసిపెట్టిన ఇల్లులా ఉంది ఆ రోజు. మన 3-1 వాళ్ళ దాంతో పోలిస్తే గౌరవంగానే ఉంది, అలాగని ఐసులు ఇప్పించడం తప్పలేదనుకోండి.

నా తోటి పూర్వ విద్యార్థి ఒకడు, ఇప్పుడు మాస్టారు, ఇదంతా చెబితే నవ్వాడు. "పిల్లల్ని పరిగెత్తనీరా, ఆనందం కోసం ఆడేదానికి వ్యూహాలెందుకు?" అన్నాడు. అయిదో తరగతి పిల్లలైతే నేనూ ఒప్పుకుంటాను. బంతి వెనక ఇరవైమంది తేనెటీగల్లా ముసరడం చూడ్డానికి ముచ్చటే. కానీ ఓడిన మర్నాడు ఒక పిల్లాడు అన్నం మానేస్తున్నాడంటే అది ఆనందం కోసం ఆడే ఆట కాదు. అలాంటి ఆటలో ఎవరి పని ఏమిటో ముందే చెప్పకపోతే చివరికి తప్పంతా ఎవరో ఒక చిన్నవాడి నెత్తిన పడుతుంది. వ్యూహం అంటే నాకు తెలిసింది ఇదే, పని పంచుకోవడం. పని పంచుకుంటే తప్పూ పంచుకోవచ్చు.

"వాళ్ళకి నేర్పే సారు ఉన్నారు, మనకి లేరు" అన్న మాట మాత్రం నిజమే, దాన్ని కొట్టిపారేయను. కానీ రహీం గారు చేయించిన కొన్ని పద్ధతులకి సారు కూడా అక్కర్లేదు. ఆయన కుర్రాళ్ళకి అలవాటు లేని కాలితోనే ఆడే పోటీలు పెట్టేవారు. బంతిని కాళ్ళ మధ్య తిప్పుకుంటూ పోవడం నిషేధించి, వచ్చింది వచ్చినట్టు ఇంకొకరికి ఇచ్చేసే పోటీలు పెట్టేవారు. ఇలాంటివాటికి ఖర్చు లేదు. ఆదివారం పొద్దున్న బట్టలుతుక్కున్నాక ఒక గంట చాలు. కుడికాలి వీరులందరూ ఎడమకాలితో తన్నబోయి కింద పడుతుంటే నవ్వుకోవడానికి కూడా బాగుంటుంది. ఇంకో సంగతేమంటే, ఎడమకాలితో ఆడమంటే పదో తరగతి, ఎనిమిదో తరగతి తేడా పోతుంది. అందరూ కొత్తవాళ్ళే.

పోయిన ఆదివారం ఆ మూడు బొమ్మలు గీసిన కాగితం పట్టుకుని హాస్టలుకి వెళ్ళాను. గోలీ తమ్ముడు అరుగు మీద నోట్సు రాసుకుంటున్నాడు. పక్కన కూర్చుని చూపించాను. ముందు పట్టించుకోలేదు. కాసేపటికి రెండో బొమ్మ మీద వేలు పెట్టి, "ఇక్కడ నేను ముందుకి రాకుండా ఆగితే వాడు ఏం చేసేవాడన్నా?" అని అడిగాడు. నాకు చటుక్కున జవాబు తెలియలేదు. చాక్‌పీసుతో అరుగు మీద మళ్ళీ గీశాం. నడిమి బ్యాకు ఆడిన ఎనిమిదో తరగతి పిల్లాణ్ణి పిలిచాం, వాడు ఇంకో మాట చెప్పాడు. స్టడీ అవర్ గంట కొట్టేసరికి ఏడుగురు చేరారు. ట్యూటర్ గారు వచ్చి అరుగంతా పాడుచేశారని కేకలేసి, ఆయనా అయిదు నిమిషాలు చూశారు. గ్లౌజులు ఇంకా పెట్టెలోనే ఉన్నాయి. ఆ సంగతి నేనూ అడగలేదు.

పరీక్షలకి ముందు కాలవ అవతలివాళ్ళతో ఇంకో మ్యాచ్ ఉందట. నాకు ఆఫ్ దొరికిన ఆదివారాలు వస్తాను. గీతలు వెయ్యడానికి సున్నం బస్తా నేను తెస్తాను. పాత విద్యార్థులెవరైనా గోల్‌పోస్టులకి ఒక జత వల పంపగలిగితే బాగుంటుంది. వల లేక గోల్ పడ్డ బంతి కోసం ప్రతిసారీ కాలవ గట్టు దాకా పరిగెత్తాల్సి వస్తోంది, ఆ పరుగు కూడా గోలీదే. పదో తరగతి తమ్ముళ్ళకి ఒక్క మాట. ఫార్వర్డులు ఎవరన్నది తర్వాత చూద్దాం. ముందు మీలో ఎడమవైపు బ్యాకుగా ఎవరుంటారో పేరు ఇవ్వండి.